పకోడీల పాట

కాజీపేట రైల్వే క్వార్టర్ల మూడో వరుసలో తెల్లవారిందని చెప్పడానికి మొగిలమ్మ గొంతు చాలు. ఆ రోజు కూడా ఆ గొంతు మొదట నల్లా దగ్గర బిందెల వరుస సరిచేసి, పాలు పోసే ఆయనతో కాసేపు వాదులాడి, పొద్దెక్కేసరికి వాకిట్లో దిగిన స్టీలు సామాన్ల గంప మీద వాలింది. 1982 ఎండాకాలం. పాత చీరలకూ పాత సామాన్లకూ స్టీలు గిన్నెలిచ్చే మనిషి వచ్చిందంటే వాడకట్టులోని ఆడవాళ్ళకు పండగే.

"గా పెద్ద బిందె ఎట్ల ఇస్తవే?" అంది మొగిలమ్మ.

"ఏమిస్తవో చూపియ్యవ్వా, చెప్త."

"ప్లేట్లున్నయ్. పెట్టె నిండ."

"ఇత్తడియా, కంచుయా?"

"నల్లయి."

"నల్ల ప్లేట్లా? మాడిపోయినయా ఏంది?"

మొగిలమ్మ లోపలికి వెళ్ళి, మంచం కింది నుంచి ఆకుపచ్చ రేకుపెట్టె ఒకటి బరబరా ఈడ్చుకొచ్చింది. సామాన్ల ఆమె మూత తీసి, ఒక అట్ట కవరులోంచి నల్లటి ప్లేటును లాగి అటూ ఇటూ తిప్పింది. దాని నడుమనున్న రంధ్రంలోంచి ఒంటికన్నుతో మొగిలమ్మను చూసింది.

"నడుమ గీ బొక్కేందవ్వా? పప్పుచారు కారిపోదా?"

గోడ మీద గడ్డం ఆనించి చూస్తున్న పక్కింటి చిలుకమ్మ పకపకా నవ్వింది. లోపల గిన్నెలు తోముతున్న కౌసల్యకు కూడా నవ్వాగలేదు. చేతులు కడుక్కొని వాకిట్లోకి వచ్చింది.

కౌసల్య ఆ ఇంటి కోడలు. నర్సంపేట దగ్గరి పల్లె నుంచి కాపురానికి వచ్చి నాలుగు నెలలైంది. మంచం కింద పెట్టె ఉన్నదని తెలుసు గాని, అందులో ఏముందో ఆమెకెవరూ చెప్పలేదు. ఇప్పుడు చూస్తే రంగురంగుల బొమ్మల అట్టలు, వాటిలో చిన్నవీ పెద్దవీ పాటల రికార్డులు. సామాన్ల ఆమె చేతిలోని రికార్డు మీద ఎండ పడి, సన్నటి గీతలన్నీ నెమలి మెడలా మెరిశాయి.

"ఇవెవరియి అత్తమ్మా?"

"ఎవరియేంది? మీ మామయియే. నాకు సవత్ని తెచ్చి పెట్టిండు ఇంట్ల. ఆయన పోయి అయిదేండ్లాయె, ఇది మాత్రం మంచం కింద కాపురం చేస్తనే ఉన్నది" అని మొగిలమ్మ గంప వైపు తిరిగింది. "ఏమంటవే? బిందె ఇస్తవా?"

"ఇవి నేనేం చేసుకోనవ్వా? ఊకె వద్దనొద్దని ఒక చిన్న గిన్నె ఇస్త."

"గిన్నెనా! చెంబన్న ఇయ్యవా?"

బేరం గిన్నెకూ చెంబుకూ మధ్య ఊగుతుండగా కౌసల్య లోపలికి వెళ్ళింది. ఆమె పెండ్లికి ఇద్దరు మేనమామలు, ఒకరికి తెలియకుండా ఒకరు, ఒకే దుకాణంలో ఒకే రంగు చీర కొన్నారు. రెండూ చిలకపచ్చవే. అందులో ఒకటి తెచ్చి గంపలో పెట్టింది.

"ఇది తీసుకొని మా అత్తమ్మకు బిందె ఇయ్యక్కా. పెట్టె వద్దు."

"కొత్త చీర!" మొగిలమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "పిచ్చి గిట్ల లేసిందా పొల్లా నీకు?"

"రెండు ఒక్క తీరే ఉన్నయ్ గదా అత్తమ్మా. ఒకటి కట్టుకుంటె రెండోది గూడ కట్టుకున్నట్టే."

ఈ మాటలు తేలేలోగానే సామాన్ల ఆమె చీర మడతపెట్టి, బిందె దింపి, గంప నెత్తికెత్తుకుని సందు తిరిగిపోయింది. మొగిలమ్మ కొత్త బిందెనూ, రేకుపెట్టెనూ, కోడలినీ మార్చి మార్చి చూసింది.

"ఇంట్ల ఉన్న పాటల పిచ్చోడు పోయిండనుకుంటె, ఇంకో పిచ్చిది వచ్చింది" అని బిందె చంకన పెట్టుకుని లోపలికి నడిచింది.

కౌసల్య పుట్టింట్లో రేడియో లేదు. ఊరి పంచాయతీ ఆఫీసులో సాయంత్రం పూట రేడియో పెట్టేవాళ్ళు. ఆ దారి దూరమైనా సరే, బిందెతో అటునుంచే వచ్చేది. బిందె బరువుతో ఎంతసేపని నిలబడుతుంది? ఒక పల్లవి విని ఇల్లు చేరేది. అలాంటి పిల్లకు పెట్టె నిండా పాటలు దొరికితే ఎట్లా వదులుతుంది?

అటక మీద పాత దుప్పటి కింద రికార్డు ప్లేయరు దొరికింది. చిన్న సూట్‌కేసులా ఉంది. మూతలోనే స్పీకరు. తుడిచి, ప్లగ్గు పెట్టి, రికార్డు వేసింది. ఎర్ర లైటు వెలిగింది గాని పళ్ళెం కదల్లేదు. వేలితో తిప్పితే ఎవరో బావిలోంచి ఏడుస్తున్నట్టు ఒక మూలుగు వచ్చి ఆగిపోయింది.

ఆ మూలుగు విని గేటు దగ్గర ఒక పెద్దమనిషి ఆగాడు. నయీముద్దీన్. టికెట్ కలెక్టరుగా రిటైరై, రెండిళ్ళ అవతల కొడుకు క్వార్టర్‌లో ఉంటున్నాడు. కౌసల్య మామ రామలింగానికి ప్రాణస్నేహితుడు. గూడ్స్ గార్డుగా ఉన్న రోజుల్లో రామలింగం నాగపూర్ నుంచో బొంబాయి నుంచో కొత్త రికార్డు తెచ్చాడంటే, ఆ ఆదివారం సాయంత్రం ఈ వరండాలో మొదట దిగే మనిషి ఈయనే.

"యా అల్లా! ఇది ఇంకా ఉన్నదా?" అంటూ ఆయన మెట్లెక్కాడు. నేల మీద బాసిపట్టు వేసుకుని కూర్చుని, ప్లేయరు విప్పి లోపలికి తొంగిచూశాడు. "ఏం కాలేదు బేటీ. రబ్బరు బెల్టు సాగిపోయింది, నా లెక్కనే. జర మీ ఆయన సైకిల్ పాత ట్యూబేమన్న ఉంటే పట్టుకరా."

ట్యూబు నుంచి సన్నటి చుట్టు కత్తిరించి బిగించాడు. పళ్ళెం ఒకసారి బద్ధకంగా కదిలి, తర్వాత సాఫీగా తిరిగింది. ముల్లు దించగానే ముందు చిటపటలు. ఆ చిటపటల్లోంచి వేణువు, వేణువు వెనకాల ఒక ఆడగొంతు. నయీముద్దీన్ కళ్ళు మూసుకున్నాడు. కౌసల్య చేతిలో అట్ట కవరు అట్లాగే ఉండిపోయింది. రెండు గజాల దూరంలో, తన కోసమే పాడుతున్నట్టుగా ఒక మనిషి పాడటం ఆమె ఎన్నడూ వినలేదు.

లోపల వంటింట్లో గరిటెలు ధనధనా మోగుతున్నాయి. మొగిలమ్మ కోపమది. కాని చరణం మొదలయ్యేసరికి ఆ చప్పుడు ఆగింది. పాట అయిపోగానే మళ్ళీ మొదలైంది.

"భాభీకి కోపమొచ్చినట్టుంది" అన్నాడు నయీముద్దీన్ గొంతు తగ్గించి. "ఆమెకు పాటలంటే ముందు నుంచి పడదు బేటీ."

ఆ రోజు నుంచి మధ్యాహ్నం పనులు తెమలగానే కౌసల్య వరండాలో ప్లేయరు పెట్టుకునేది. మొగిలమ్మ బయటికి వచ్చేది కాదు. తలుపు అవతల చాటలో బియ్యం పోసుకుని కూర్చునేది. కాని ఏ రికార్డు మొదలుపెట్టినా లోపలి నుంచి ఒక మాట వచ్చేది.

"ఇది చాయ్ పాట."

"చాయ్ పాటేంది అత్తమ్మా? దీంట్ల చాయ్ లేదు గదా. గోదావరి అంటాండు."

"గోదావరో గీదావరో. నాకైతే చాయ్ పాట."

ఇంకొకటి వేస్తే "ఇది ఉల్లిగడ్డలు కోసే పాట" అనేది. మరొకటి వేస్తే "పాలు పొంగిపోయిన పాట. నా చెయ్యి గూడ కాలింది" అనేది. ప్రతి పాటకూ ఆమె దగ్గర ఒక పేరుంది. కౌసల్య పడీపడీ నవ్వేది. పక్కింటి చిలుకమ్మకు చెబితే ఆమె కూడా నవ్వి, "మీ అత్త చెవులు గూడ పొయ్యి మీదనే ఉంటయేమో" అంది. ఆ నవ్వులో పడి, ఆ పేర్లన్నీ వంటింటివే ఎందుకయ్యాయని కౌసల్య ఒక్కసారీ ఆలోచించలేదు.

కౌసల్య భర్త భాస్కర్ ఒకరోజు డ్యూటీ దిగి పెందలాడే వచ్చాడు. తండ్రి పోయాక గూడ్స్ ఆఫీసులో క్లర్కు ఉద్యోగం ఇచ్చారు అతనికి. గేటు దగ్గర సైకిల్ పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. వరండాలో పాట సాగుతోంది. కౌసల్య గాభరాపడి ముల్లు ఎత్తబోయింది.

"ఉండనియ్" అన్నాడు. వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. పాట అయిపోయాక తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. చెమటో, కన్నీళ్ళో ఆమె అడగలేదు. "బాపు పోయినంక నేను ముట్టలే దీన్ని. ముడితె ఆయన కుర్చీల లేడన్నది కనవడ్తదని భయం. మంచి పని చేసినవ్ కౌసల్యా."

ఆ రోజు నుంచి అతనిలో కొత్త హుషారు. మూలన పడేసిన తండ్రి వాలుకుర్చీకి కొత్త గుడ్డ కుట్టించాడు. ఆఫీసులో నలుగురికి చెప్పాడు. "ఆదివారం సాయంత్రం అందర్నీ రమ్మన్న. బాపు ఉన్నప్పటి లెక్క చేద్దాం" అన్నాడు. కౌసల్యకు కూడా సంబరమే. మొగిలమ్మ మాత్రం ఉల్లిగడ్డల బుట్ట ముందుకు జరుపుకుంది.

ఆదివారం వరండా నిండింది. ఆఫీసు స్నేహితులు, వాళ్ళతో నయీముద్దీన్. భాస్కర్ వాలుకుర్చీలో కూర్చుని, ఏ రికార్డు ఏ ఊళ్ళో కొన్నదో తండ్రి చెప్పిన కథలు చెబుతున్నాడు. నవ్వులు, శభాష్‌లు. లోపల కౌసల్య పకోడీల పిండి కలుపుతోంది, మొగిలమ్మ పొయ్యి దగ్గర వేయిస్తోంది. ప్లేట్లు బయటికి పోతున్నాయి, ఖాళీ అయి లోపలికి వస్తున్నాయి. ఒక పాట వస్తుంటే కౌసల్య చాయ్ వడపోస్తోంది, ఇంకో పాట వస్తుంటే గ్లాసులు కడుగుతోంది.

అప్పుడు భాస్కర్ పెట్టె అడుగు నుంచి ఒక చిన్న రికార్డు తీసి వేశాడు. కౌసల్య అంతవరకు వినని పాట. మొదట చాలాసేపు వీణ ఒక్కటే, చూరు నుంచి వాన కారినట్టు. తర్వాత నెమ్మదిగా ఒక మగగొంతు. ఆమె శనగపిండి చేతులతోనే వంటింట్లోంచి లేచి గుమ్మం దాకా వచ్చింది. తలుపుకు ఆనుకుంది. పల్లవి అయింది, చరణం మొదలవబోతోంది.

"కౌసల్యా! పకోడీలు అయిపోయినయ్, ఇంకొన్ని తేరాదూ!" కేకేశాడు భాస్కర్.

ఆమె వెనక్కి తిరిగింది. తిరిగేటప్పుడు పొయ్యి ముందు కూర్చున్న అత్త తననే చూస్తుండటం గమనించింది. మొగిలమ్మ చేతిలో జల్లిగరిట ఉంది, నూనెలో పకోడీలు నల్లబడుతున్నాయి. ఆమె గరిట పక్కన పెట్టింది. పొయ్యి తగ్గించింది. లేచి, కొంగు నడుముకు దోపుకుని, కోడలిని దాటుకుని వరండాలోకి వెళ్ళింది.

ఎవరూ ఏమిటని అడిగేలోగా ముల్లు పట్టుకుని ఎత్తేసింది. చర్రుమని చప్పుడయి పాట తెగిపోయింది.

"బంద్ చెయ్. ఇయ్యాల్టికి చాలు."

స్నేహితులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మళ్ళొస్తం భాస్కర్" అని ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కున్నారు. నయీముద్దీన్ ఏదో చెప్పబోయి, మొగిలమ్మ మొహం చూసి, టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

గేటు మూసుకోగానే భాస్కర్ కుర్చీలోంచి లేచాడు.

"ఏందమ్మా ఇది? పది మంది ముందు నా ఇజ్జత్ తీసినవ్."

"పది మంది ముందు గాకపోతె వినవ్ నువ్వు."

"బాపు గుర్తు ఇదొక్కటే ఉన్నది ఇంట్ల. అది నీకు పడదు. స్టీలు బిందెకు ఇయ్యబోయినవట గదా? చిలుకమ్మ పిన్ని చెప్పింది. నేను నోరు మూసుకొని ఊకున్న. పాటంటే ఎందుకమ్మా నీకంత పగ? బాపంటే గూడ పగేనా?"

గుమ్మంలో నిలబడ్డ కౌసల్య, మొగిలమ్మ అరుస్తుందనుకుంది. వరుస వరుసంతా వినబడేలా అరవగల మనిషి ఆమె. కాని ఆ రోజు ఆమె గొంతు పెరగలేదు.

"పాటంటే పడదని ఎవలు చెప్పిండ్రురా నీకు?"

మొగిలమ్మ ఖాళీ కుర్చీ వైపు చెయ్యి చూపించింది.

"మీ బాపు గీ కుర్చీల కూసొని ఇన్నడు. నేను గోడ అవతల ఇన్న. మంచి పాట రాంగనే 'మొగిలీ, చాయ్' అనేటోడు. చాయ్ పెట్టి తెచ్చేవరకు పాట అయిపోయేది. ఆయన నవ్వుకుంట ఇంకోటి ఏసేటోడు, 'మొగిలీ, పకోడీలు' అనేటోడు. గట్లనే అన్నీ సగం సగం ఇన్న. ఒక్కనాడన్న 'జర కూసోవే, ఇది నువ్వు గూడ విను' అనలే. మీ బాపు చెడ్డోడు కాదురా. తాగలే, కొట్టలే, నన్నొక చెడ్డమాట అనలే. నేను గూడ వింటనని ఆయనకు యాదికి రాలే. గంతే."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. కళ్ళు తుడవలేదు, చెమటే తుడిచింది.

"నాదంటే అయిపోయింది, పోనీ. గీ పొల్ల తన కొత్త చీర ఇచ్చి పెట్టెను నిలబెట్టింది. ఇయ్యాల అదే పొల్ల పాట వినడానికి పిండి చేతులతోని దర్వాజ దాక వచ్చి, నీ కేక విని వెనక్కి మర్లిపోయింది. దాని మొహం నేను చూసిన. అప్పట్ల నా మొహం గూడ గట్లనే ఉండెనేమో, చూసినోడు లేడు. నువ్వు ఆ కుర్చీల అచ్చం మీ బాపు లెక్కనే కూసున్నవ్. అందుకే బంద్ చేసిన."

చాయ్ పాట. ఉల్లిగడ్డల పాట. పాలు పొంగిపోయిన పాట. ఇన్నాళ్ళూ తను పగలబడి నవ్విన పేర్లు ఒక్కొక్కటే కౌసల్యకు గుర్తొచ్చాయి. తను ఏడుస్తున్న సంగతి చేతుల మీద ఎండిన పిండి తడిసినప్పుడు గాని ఆమెకు తెలియలేదు.

భాస్కర్ తల్లిని చూశాడు, భార్యను చూశాడు. కుర్చీ వైపు చూసి మళ్ళీ అందులో కూర్చోలేకపోయాడు. "నిజమేనా కౌసల్యా?" అన్నాడు చిన్నగా.

లేదని సర్దిచెప్పడం ఆమెకు చాతకాక కాదు. కాని అత్త అంత మాట అన్నాక అబద్ధమాడాలనిపించలేదు.

"ఆ పాట మొత్తం వినాలనిపించింది" అంది.

మర్నాడు భాస్కర్‌కు మధ్యాహ్నం డ్యూటీ. పొద్దున్నే చాపా, వాలుకుర్చీ వరండాలో వేసి, ప్లేయరు మధ్యలో పెట్టి, తల్లి చెయ్యి పట్టుకున్నాడు.

"కూసో అమ్మా."

"ఏందిరా, పనంతా ఎవలు చేస్తరు?"

"పని ఎటు పోదు. కూసో."

మొగిలమ్మ ఆ కుర్చీ అంచున కూర్చుంది, బస్సులో మనది కాని సీట్లో కూర్చున్నట్టు. ఒక్క క్షణం ఆగి, లేచి లోపలికి పోయి బియ్యం చాటతో వచ్చింది. కౌసల్య నవ్వుతూ ఆ చాట లాక్కుని పక్కన పెట్టింది. తను కిందనే చాప మీద, అత్త మోకాలికి ఆనుకుని కూర్చుంది. "చాయ్ నేను పెడత" అని భాస్కర్ నిన్న సగంలో ఆగిన రికార్డునే వేసి వంటింట్లోకి వెళ్ళాడు.

"పకోడీల పాట" అంది మొగిలమ్మ వీణ వినబడగానే. "ఇది ఎప్పుడేసినా పకోడీలే."

పల్లవి అయింది. మొదటి చరణం వచ్చింది. ఒట్టి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒడిలో ఒకదాన్నొకటి పట్టుకుని వింటోంది మొగిలమ్మ.

"అమ్మా, చక్కెర డబ్బ ఏది?" లోపలి నుంచి కేక.

మొగిలమ్మ సగం లేచింది. ఏమనుకుందో మళ్ళీ కూర్చుంది.

"పాట అయినంక చెప్త. అప్పటిదాంక దేవులాడుకో!"

కౌసల్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. లోపల డబ్బాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. రెండో చరణం అయింది. మగగొంతు తగ్గింది, వీణ మళ్ళీ వానలా కారింది. అప్పుడు, ఎవరూ అనుకోనట్టుగా, ఒక ఆడగొంతు ఎత్తుకుంది. అదే పల్లవి, కాని ఇంకొంచెం పైకి, ఇంకొంచెం చనువుగా.

మొగిలమ్మ వెన్ను నిటారుగా అయింది.

"ఆడమనిషి గూడ పాడిందా దీంట్ల?"

"పాడింది అత్తమ్మా. అట్ట మీద ఇద్దరి బొమ్మలున్నయ్ గదా."

"నాకేమెరుక! ఇన్నేండ్లు ఆయనొక్కడే పాడుతాండనుకున్న!"

ఆమె నవ్వింది. వరుస అంతా వినబడేలా నవ్వింది, నవ్వుతుండగానే కళ్ళ నుంచి నీళ్ళు బొటబొటా రాలాయి, అయినా నవ్వు ఆపలేదు. చిలుకమ్మ గోడ మీదికి వచ్చేసింది. ముల్లు చివరి గీతల దగ్గర చిటపటలాడేదాకా కౌసల్య అత్త చెయ్యి వదల్లేదు.

అటుగా పోతున్న నయీముద్దీన్ గేటు దగ్గర ఆగి, భయం భయంగా చూశాడు. "ఏం భాభీ, ఇయ్యాల బయట కూసున్నరు?"

"కూసోవద్దా నయీమన్నా?"

"అయ్యో, కూసోండ్రి, కూసోండ్రి. మరి... చాయ్?"

"భాస్కర్ పెడతాండు. చక్కెర దొరికితె వస్తది. నువ్వు పోయి జర దేవులాడు."

ఆయన నిజంగానే చెప్పులు విడిచి వంటింట్లోకి పోయాడు. ఇద్దరు మగవాళ్ళు కలిసి చివరికి ఉప్పు వెయ్యకుండా చాయ్ తెచ్చారు, అదే పదివేలు. ఆ పొద్దున వాళ్ళు పాతవన్నీ ఒక్కొక్కటే మొదటి నుంచి చివరిదాకా విన్నారు. ఉల్లిగడ్డల పాటలో చివరన గజ్జెలున్నాయని, పాలు పొంగిపోయిన పాట అసలు జోలపాట అని మొగిలమ్మకు అప్పుడే తెలిసింది.

"ఇప్పుడు నీకు నచ్చిందొకటి చెప్పమ్మా, మళ్ళేస్త" అన్నాడు భాస్కర్.

ఆమె పెట్టెలోకి చూసింది. "అన్నీ మంచియే. గని ఇవన్నీ మీ బాపు ఏరుకున్నయ్. నాకు నచ్చింది దీంట్ల లేదు."

"నీకు నచ్చింది వేరే ఉన్నదా?" కౌసల్య ఆశ్చర్యపోయింది.

మొగిలమ్మ కొంచెం సిగ్గుపడింది. "ఎప్పుడో, నేనొక్కదాన్నే మా అక్క ఊరికి పోతాన. డోర్నకల్ దాటినంక సిగ్నల్ లేక బండి ఆగింది. ఎదురుంగ ఒకాయన దగ్గర ట్రాన్సిస్టరు. దాండ్ల ఒక పాటొచ్చింది. చాయ్ అడిగేటోడు లేడు, పిలిచేటోడు లేడు. కిటికీల నుంచి గాలి. పాట మొత్తం ఇన్న. నేను మొత్తం ఇన్న పాట అదొక్కటే."

జీతం వచ్చిన వారం ముగ్గురూ బస్సెక్కి హనుమకొండ మీదుగా వరంగల్ చౌరస్తాకు వెళ్ళారు. రికార్డుల దుకాణం సందు మొదట్లోనే ఉంది. ముందంతా కొత్త క్యాసెట్లు మెరుస్తున్నాయి, రికార్డులు వెనక్కి జరిగిపోయాయి. కౌంటరు దగ్గరున్న గట్టయ్య అనే నడివయసు మనిషి భాస్కర్‌ను చూసి, "ఏం సినిమా సార్?" అన్నాడు.

"నాకు తెల్వదు. అమ్మను అడుగుండ్రి."

గట్టయ్య మొగిలమ్మ వైపు తిరిగాడు. "ఏం సినిమా అమ్మా?"

"ఎరుకలే."

"పాడినోళ్ళెవలు?"

"అదీ ఎరుకలే."

"మరి మొదలెట్ల ఉంటది పాట?"

మొగిలమ్మ కొడుకును చూసింది, కోడలిని చూసింది. దుకాణంలో ఇంకో నలుగురున్నారు. బయట రిక్షా బెల్లులు, బస్సు హారన్లు. ఆమె గొంతు సవరించుకుని లోలోపల ఏదో అన్నది.

"వినవడ్తలేదమ్మా."

కౌసల్య అత్త భుజం మీద చెయ్యేసింది. "నల్లా కాడ అంటవు సూడు అత్తమ్మా, గట్ల అను."

మొగిలమ్మ ఒకసారి ఊపిరి పీల్చి పాట ఎత్తుకుంది. మాటలు సగమే గుర్తున్నాయి, మిగతావి 'నననా' అని పూరించింది. గొంతు అక్కడక్కడ గీరుకుపోయింది గాని, రాగం మాత్రం ఎక్కడా తప్పలేదు. క్యాసెట్లు చూస్తున్న కుర్రకారు తలెత్తి చూశారు. మెట్టు దిగబోయిన ఒక ముసలాయన మళ్ళీ పైకి వచ్చాడు. చరణంలోకి రాగానే గట్టయ్య మొహం విప్పారింది. తనూ ఒక ముక్క కలిపి, స్టూలెక్కి పై అరలోంచి దుమ్ముపట్టిన చిన్న రికార్డు ఒకటి దించాడు.

"ఇదేనా చూడుండ్రి."

అట్ట మీది బొమ్మను మొగిలమ్మ వేలితో తడిమింది. అంతవరకు ఆ పాటకు ఒక మొహం ఉంటుందని ఆమె అనుకోలేదు. గట్టయ్య దుకాణంలోని పెద్ద ప్లేయరు మీద రికార్డు వేశాడు. ముందు ఫుట్‌పాత్ మీదికి పెట్టిన స్పీకర్లలోంచి పాట చౌరస్తాలోకి దూకింది. ఆమె కదలకుండా నిలబడి చివరిదాకా విన్నది. భాస్కర్ ఒక పక్క, కౌసల్య ఒక పక్క.

పాట అయిపోయింది. గట్టయ్య రికార్డు తీయబోయాడు.

"ఇంకోసారి పెట్టు బాబూ."

"కొన్నంక ఇంట్ల వింటరు గదమ్మా?"

"ఇంట్ల ఎట్లయిన వింట. ఇక్కడ అందరు వినాలె గదా, నా పాట."

గట్టయ్య నవ్వుతూ ముల్లు మళ్ళీ మొదటికి పెట్టి, చప్పుడు ఇంకొంచెం పెంచాడు. సోడాబండి ఆయన ఇటు తిరిగాడు. రిక్షా తొక్కే ఒకాయన కాలు కింద పెట్టి ఆగాడు. మొగిలమ్మ వాళ్ళందరినీ చూస్తూ, కోడలి చెవి దగ్గర గొంతు తగ్గించింది. తగ్గించడమంటే ఆమె లెక్కలో తగ్గించడం, పక్క దుకాణం దాకా వినిపించింది.

"నువ్వు గూడ ఏ పాట గావాల్నో సోంచాయించి పెట్టుకో పొల్లా. వచ్చే నెల జీతానికి నీ పాట కొందాం. వాడు ఏరింది గాదు, నేను ఏరింది గాదు. నీది."

నీకే పాట కావాలని ఇంతవరకు తననెవరూ అడగలేదని కౌసల్యకు అప్పుడే తట్టింది. పల్లెలో విన్న పల్లవులన్నీ ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి. వాటిలో ఏది కావాలో ఆ క్షణానికి తేల్చుకోలేక, నవ్వుతూ నిలబడిపోయింది.